పాడుతూ నటించే బతుకుతెరువు: కోనసీమ నుంచి ఎన్ని దారులు?

అమలాపురంలోనో రాజోలులోనో కొత్తపేటలోనో ఒక ఇంట్లో మంచి గొంతున్న పిల్ల ఉంటే పెద్దవాళ్లు చేసే పని దాదాపు ఒకటే. దగ్గర్లో ఉన్న సంగీతం మాస్టారి దగ్గర చేర్పిస్తారు. సరళీ వరసలు, గీతాలు, నాలుగు వర్ణాలు అయ్యేసరికి పదో తరగతి వచ్చి పడుతుంది. సంగీతం అటకెక్కుతుంది, లేదంటే టీవీ పాటల పోటీల వైపు మళ్లుతుంది. ఆ పిల్లే ఓ రోజు వచ్చి "నేను రంగస్థలం మీద పాడుతూ నటిస్తాను, అదే నా వృత్తి" అంటే ఇంట్లో ఎవరికీ ఏం చెప్పాలో తెలియదు. పెద్ద ఒపెరా గాయకురాలిని అవుతానంటే మరీను.

ఆ పిల్ల తల్లిదండ్రుల కోసమే ఈ సమీక్ష. ఒపెరా అంటే కథ భారమంతా పాటే మోసే నాటకం. పాత్రధారి సొంత గొంతుతో, మైకు లేకుండా, పదుల సంఖ్యలో ఉన్న వాద్యకారుల మోతను దాటి చివరి వరుస దాకా వినిపించాలి. పాడుతూనే నవ్వాలి, ఏడవాలి, ప్రాణాలు విడవాలి. సరిగ్గా అదే రూపం మనకి లేదు. పాడేవాళ్లే నటించే కళలకు మాత్రం గోదావరి డెల్టాలో ఎన్నడూ కొదవ లేదు. కలాపాలున్నాయి, పద్యనాటకం ఉంది, హరికథ ఉంది. వీటిలో ఏది గొప్పదన్న చర్చ నాకు అక్కర్లేదు. నేను ప్రతి దారినీ ఒకే ప్రశ్న అడుగుతాను. ప్రదర్శన లేని రోజున ఆ గాయకుడికి అన్నం ఎవరు పెట్టారు? గొంతు ఉందా లేదా అన్నదానికంటే కళాకారుల బతుకులను తేల్చింది ఈ ప్రశ్నేనని నా గట్టి నమ్మకం.

చరిత్రలోనే ఈ తేడా కనిపిస్తుంది. ఇటలీలో ఒపెరా పుట్టింది 1600 ప్రాంతంలో. మోంటెవెర్డి 'ఓర్ఫెయో' 1607 నాటిది. సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే తంజావూరులో రఘునాథ నాయకుడు, ఆ తర్వాత విజయరాఘవ నాయకుడు తెలుగు యక్షగానాలు రాశారు, రాయించారు, ఆడించారు. కవయిత్రి రంగాజమ్మ 'మన్నారుదాస విలాసం' విజయరాఘవుడి కొలువులోదే. రెండు చోట్లా రాజులే పోషకులు, రెండు చోట్లా పాడేవాళ్లే పాత్రధారులు. అయితే 1637లో వెనిస్ నగరంలో సాన్ కాసియానో నాటకశాల తలుపులు తెరిచి, డబ్బిచ్చిన ఎవరికైనా టిక్కెట్టు అమ్మింది. తంజావూరులో 1673లో నాయకరాజ్యం కూలిపోగానే ఆ కళాకారులు కొత్త ప్రభువులను వెతుక్కోవాల్సి వచ్చింది. ప్రభువు మీద ఆధారపడ్డ కళకూ, ప్రేక్షకుడి మీద ఆధారపడ్డ కళకూ మధ్య దూరం అక్కడి నుంచే పెరిగింది.

ఇక కోనసీమకు వద్దాం. ఇక్కడ పాడుతూ నటించడాన్ని చిన్ననాటి నుంచి పద్ధతిగా నేర్చుకుని, దాని మీదే బతికిన వాళ్లు దేవదాసీ సంప్రదాయానికి చెందిన కళావంతులు. ఈ మాట చెప్పడానికి చాలామంది ఇప్పటికీ జంకుతారు. జంకనక్కర్లేదు. ముమ్మిడివరంలో అన్నాబత్తుల బులివెంకటరత్నమ్మ, లక్ష్మీమండపం వంటి వాళ్లు ఆ విద్యలో ఆరితేరినవాళ్లు. భామాకలాపంలో సత్యభామ ప్రవేశ దరువు నుంచి విరహం దాకా పాడేదీ ఆడేదీ ఆమే. గొల్లకలాపంలో గొల్లభామ బ్రాహ్మణుడితో పిండోత్పత్తి గురించి వాదన పెట్టుకుంటుంది. అంత శాస్త్రాన్ని పాటలో పెట్టి, ముఖంలో హాస్యం చెడకుండా నిలబెట్టడం ఎంత కష్టమో నాటకం వేసినవాళ్లకి తెలుస్తుంది. క్షేత్రయ్య పదం పట్టుకుంటే ఒక్క పల్లవిని గంటసేపు రకరకాల భావాలతో నడిపేవారు.

వాళ్లని పోషించింది ఆలయ మాన్యాలు, పెళ్లిళ్లలో మేజువాణీలు, జమీందార్లు. ఆ పోషణ వెంట ఆడవాళ్ల మీద సాగిన దోపిడీ కూడా ఉంది. దాన్ని దాచి కళను మాత్రమే పొగడడం నాకు చేతకాదు. మద్రాసు రాష్ట్రంలో 1929 చట్టం మాన్యాలను ఆలయ సేవ నుంచి విడదీసింది. 1947 చట్టం దేవదాసీ సమర్పణను నిషేధించింది. ఆ చట్టాలు రావలసినవే. కళావంతుల ఇళ్లలోనే పుట్టిన యామినీ పూర్ణతిలకం వంటి వాళ్లు వాటి వెనక నిలబడ్డారు. కాని పాత వ్యవస్థ పోతూ పోతూ శిక్షణను కూడా పట్టుకుపోయింది. ఆ విద్యకి గౌరవమైన మరో ఇల్లు ఎవరూ కట్టలేదు. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ అలాంటి కళాకారిణుల దగ్గర కూర్చుని నేర్చుకుని ఆంధ్రనాట్యం పేరుతో నిలబెట్టబట్టి ఆటలో కొంతైనా మిగిలింది. ఆడుతూ తానే పాడే పద్ధతి మాత్రం చాలా వరకు జారిపోయింది. ఇప్పటి వేదికల మీద నర్తకి ఒకరు, పక్కన కూర్చుని పాడేవారు మరొకరు.

పద్యనాటకం కథ దీనికి పూర్తిగా వేరు. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి ఆడిన ఆటలు చూశాక గోదావరి జిల్లాకి నాటకం పిచ్చి పట్టుకుంది. అదే ఏడు కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో నాటకం ఆడించారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడి సమాజం కోసం చిలకమర్తి లక్ష్మీనరసింహం 'గయోపాఖ్యానం' రాశారు. ఆ సమాజంలో ఆడవేషాలు కట్టిన కుర్రాడు టంగుటూరి ప్రకాశం. తరవాత తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు, బలిజేపల్లి 'హరిశ్చంద్ర' ఊరూరికీ చేరాయి. చదువు రానివాళ్లకి కూడా ఆ పద్యాలు నోటికొచ్చేవి.

ఈ నాటకాన్ని నడిపింది కాంట్రాక్టరు. తీర్థానికో కల్యాణానికో ఊరివాళ్లు ఇంత అని మాట్లాడుకుంటారు, కాంట్రాక్టరు పేరున్న నటులకి బయానా ఇచ్చి పిలుస్తాడు. ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు ఉంటారు. పడకసీను ఒకరిది, రాయబారం ఇంకొకరిది. హరిశ్చంద్రలోనూ అంతే, వారణాసి ఒకరు, కాటిసీను ఒకరు. పద్యం బాగుంటే వన్స్‌మోర్ అంటారు, నటుడు మళ్లీ ఎత్తుకుంటాడు. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి వంటి కృష్ణులు, డి.వి. సుబ్బారావు వంటి హరిశ్చంద్రులు ఈ పద్ధతిలోనే జనం గుండెల్లో కూర్చున్నారు. రిహార్సల్ ఉండదు. ఎవరి పాత్ర వాళ్లకి కంఠోపాఠం. రాత్రి తొమ్మిదికి వచ్చి మొహానికి రంగు వేసుకుని ఎక్కడమే.

కాటిసీను దగ్గర నుంచి చూడండి. అప్పటికి రాత్రి రెండు దాటుతుంది. వేదిక అంచున హార్మోనిస్టు, ఎడమచేతితో తిత్తి కొడుతూ కుడిచేతిని మెట్ల మీద వదిలేసి నటుడి మొహం వంకే చూస్తుంటాడు. నటుడు పద్యం నాలుగో పాదం చివరి అక్షరం మీద ఆగి రాగం ఎత్తుకుంటాడు. పై షడ్జం దగ్గరికి వెళ్లేటప్పుడు మైకు నుంచి ఒక అడుగు వెనక్కి వేస్తాడు, కిందికి దిగేటప్పుడు మళ్లీ దగ్గరికి వస్తాడు. ఆ అడుగు ఎప్పుడు వేయాలో హార్మోనిస్టుకి ముందే తెలుసు. ఊపిరి అందక స్వరం వణికితే పెట్టె మీద ఆ స్వరాన్ని గట్టిగా నొక్కి పట్టుకుని నటుణ్ణి నిలబెడతాడు. హార్మోనిస్టే ఈ నాటకానికి గురువు, దర్శకుడు, కాపలాదారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి పద్యం కట్టు చెప్పేది కూడా ఎక్కువగా ఆయనే.

ఇదే దృశ్యంలో నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. ఆ మైకు స్టాండు నటుణ్ణి ఒకచోట కట్టేసింది. పాడినంతసేపూ చంద్రమతి కూడా దాని ముందే నిలబడాలి. మైకులు రాని కాలంలో వేదికంతా తిరుగుతూ, నేల మీది జనంలో చివర కూర్చున్నవాళ్లకి కూడా మాట మాట వినిపించిన తరం ఒకటుంది. వాళ్ల గొంతు వెనకున్న సాధన ఏమిటో ఎవరూ రాసిపెట్టలేదు. నటుల్లో బళ్ళారి రాఘవ రాగాల మోజును తగ్గించి నటనను ముందుకు తేవాలన్నారు. బందా కనకలింగేశ్వరరావు పద్యాన్ని భావం చెడకుండా పలకడం మీద పట్టుబట్టారు. వాళ్లిద్దరూ చెప్పింది సబబే. ఆ చర్చ రాగం ఎంత ఉండాలన్న దగ్గరే ఆగిపోయింది. గొంతును ఎలా తయారు చేయాలి, ఇరవై ఏళ్లు ఎలా కాపాడుకోవాలి అన్న వైపు సాగలేదు.

నా ప్రశ్నకి పద్యనాటకం ఇచ్చే జవాబు కఠినమైనది. ప్రదర్శన లేని రోజున అన్నం పెట్టేవాళ్లు ఎవరూ లేరు. సీజను అయిపోతే పేరున్న నలుగురూ ఎలాగో నెట్టుకొస్తారు, మిగతావాళ్లు వ్యవసాయమో బడిపంతులు పనో చూసుకుంటారు. 1998లో మొదలైన నంది నాటకోత్సవాలు పద్యనాటకానికి ప్రత్యేకంగా బహుమతులిచ్చి ఊపిరి పోశాయి. బహుమతి ఒకనాటిది, జీతం నెలనెలా కావలసింది.

దీనికి మినహాయింపు సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కుటుంబం 'కీచకవధ'తో మొదలుపెట్టిన ఆ సంప్రదాయంలో సమాజమే కుటుంబం. అందరికీ ఒకే పొయ్యి. పిల్లలు వేదిక మీదే పెరుగుతారు. బాలకృష్ణుడితో మొదలై, గొంతు మారాక నారదుడో అభిమన్యుడో అయి, తర్వాత హార్మోనియం దగ్గరికో తెరల దగ్గరికో చేరతారు. జర్మనీలోని ఒపెరా సంస్థలు ఏడాది పొడవునా కళాకారులను ఉద్యోగులుగా ఉంచుకునే పద్ధతికి మన దగ్గర అతి దగ్గరగా వచ్చింది ఇదొక్కటే. అయితే అది పుట్టుకతో దొరికే ఉద్యోగం. కోనసీమలో రైతు బిడ్డకి ఆ తలుపు మామూలుగా తెరుచుకోదు.

అందుకే హరికథ మీద నాకు ఆశ ఎక్కువ. ఆదిభట్ల నారాయణదాసు దీన్ని ఒక్క మనిషి ఆడే సంగీత నాటకంగా మలిచారు. కాళ్లకి గజ్జెలు, చేతిలో చిడతలు. పద్యం, కీర్తన, వచనం, పిట్టకథ, నృత్యం అన్నీ ఒక్కరే. రాముడూ ఆ గొంతే, శూర్పణఖా ఆ గొంతే. గౌతమి అవతలి గట్టున కపిలేశ్వరపురంలో అక్కడి జమీందారీ కుటుంబం 1973లో శ్రీ సర్వారాయ హరికథా పాఠశాల పెట్టింది. భోజనం, బస ఇచ్చి ఉచితంగా నేర్పే గురుకులం అది. పేద కుటుంబాల ఆడపిల్లలు ఎందరో అక్కడి నుంచి భాగవతారిణులై బయటికి వచ్చారు. సంస్కృతంలో హరికథ చెప్పి 2024లో పద్మశ్రీ అందుకున్న డి. ఉమామహేశ్వరి ఆ బడి విద్యార్థినే.

కళావంతుల తర్వాత గోదావరి జిల్లాలో ఆడపిల్లకి పాడుతూ నటించే విద్యను గౌరవంగా, కులంతో పని లేకుండా, కడుపు నింపి మరీ నేర్పిన చోటు ఇది. చదువుకునే కాలానికి అన్నం సమస్య తీరింది. బయటికి వచ్చాక మళ్లీ మొదలు. శ్రీరామనవమి, దసరా, ధనుర్మాసం, కార్తీకం, ఊరి తీర్థాలు ఉన్న నెలల్లో కథలుంటాయి. ఆషాఢంలో ఉండవు. పక్కవాద్యగాళ్లకి ఇచ్చి, బండి కిరాయి పోగా మిగిలేది దాచుకోవాలి. హరికథ నేర్చిన పిల్లకి ఆలయంలోనో సంగీత పాఠశాలలోనో ఒక స్థిరమైన కొలువు చూపించగలిగితే, ఈ దారి మిగతా అన్నింటికంటే మెరుగైనదని నేను ధైర్యంగా చెబుతాను. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల హరికథను పాఠ్యాంశంగా పెట్టుకుంది కనుక ఆ కొలువులు అసాధ్యమేమీ కావు.

ప్రభుత్వ సంగీత కళాశాలల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. విజయనగరం కళాశాల 1919లో నారాయణదాసు అధ్యక్షతన మొదలైంది. విజయవాడ కళాశాలకి తొలి ప్రిన్సిపాల్ మంగళంపల్లి బాలమురళీకృష్ణ. నాలుగేళ్ల సర్టిఫికెట్టు, రెండేళ్ల డిప్లొమా చేస్తే సంగీతం టీచరు కావచ్చు, ఆకాశవాణి ఆడిషన్‌కి వెళ్లొచ్చు. బతుకుతెరువుకి పనికొచ్చే చదువే. వేదిక మీద కదులుతూ, పాత్రలో ఉండి పాడడం మాత్రం అక్కడి గాత్రం క్లాసులో ఉండదు. బాలమురళి స్వయంగా రాజోలు దగ్గర శంకరగుప్తంలో 1930లో పుట్టారు. తల్లి పసితనంలోనే పోతే తండ్రి విజయవాడ తీసుకెళ్లారు, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దగ్గర విద్య అబ్బింది. ఆయన పేరుకి ముందు 'బాల' చేర్చింది ముసునూరి సూర్యనారాయణమూర్తి అనే హరికథా భాగవతారు. కోనసీమ కన్న అతి పెద్ద గొంతుకి చదువు కోనసీమ బయటే దొరికింది. ఎనభై తొంభై ఏళ్ల తర్వాత కూడా ఆ పరిస్థితి పెద్దగా మారలేదు.

ఇప్పుడు అసలైన పాశ్చాత్య ఒపెరా. ఇది కలలో మాట అని కొట్టేయకండి. భారతీయులు ఆ వేదికల మీద ఉన్నారు. ముంబైలో పుట్టిన సొప్రానో గాయని ప్యాట్రీషియా రొజారియో లండన్‌లో స్థిరపడి, అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో నేర్పుతూ, మన దేశంలోని గాయకులకి కూడా శిక్షణ ఇస్తున్నారు. 2016లో ముంబై రాయల్ ఒపెరా హౌస్ మళ్లీ తెరుచుకున్నప్పుడు పాడింది ఆమే. గాంధీ దక్షిణాఫ్రికా పోరాటం మీద ఫిలిప్ గ్లాస్ రాసిన 'సత్యాగ్రహ' ఒపెరాను 1980లో మొదట ప్రదర్శించారు. అందులో పాడే మాటలన్నీ భగవద్గీత సంస్కృత శ్లోకాలే.

మన పిల్లకి అనుకూలించే సంగతి వయసు. వయొలినుకైతే అయిదారేళ్లకే మొదలుపెట్టాలి. ఒపెరా గొంతు గట్టిపడేది పద్దెనిమిది దాటాకే, పెద్ద పాత్రలు ముప్పయి దగ్గర పడ్డాకే వస్తాయి. కాబట్టి పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా కర్ణాటక సంగీతం నేర్చుకున్న కాలం వృథా పోదు. చెవి, లయ, జ్ఞాపకం, ఊపిరి అప్పటికే సాన పట్టి ఉంటాయి. అడ్డొచ్చేవి కూడా ఉన్నాయి. మనం ఎవరి శ్రుతి వాళ్లు ఎంచుకుంటాం. మగవాళ్లు ఒకటో ఒకటిన్నరో, ఆడవాళ్లు అయిదో అయిదున్నరో పెట్టుకుంటారు. ఒపెరాలో స్వరం ఎత్తు కాగితం మీద రాసి ఉంటుంది, అందుకోవాల్సిందే. గమకాలు మానుకోవాలి. మైకు దగ్గర మెత్తగా పాడే అలవాటు వదిలించుకోవాలి. ఒకేసారి నాలుగు స్వరాలు మోగుతుంటే తన స్వరం తప్పకుండా పట్టుకునే చెవి కావాలి. ఇక్కడ కోనసీమలో తెలియకుండా ఒక బడి నడుస్తోంది. నరసాపురంలో 1836లో మొదలైన గోదావరి డెల్టా మిషన్ కాలం నుంచి డెల్టా గ్రామాల్లో చర్చిలున్నాయి. గాయక బృందాలు నాలుగు గొంతుల్లో పాడే చర్చి ఎక్కడున్నా, ఆ పిల్ల ఏ మతానిదైనా, ఒకటి రెండేళ్లు వెళ్లి నిలబడి పాడితే ఆ చెవి వస్తుంది.

తర్వాతి మెట్టు చెన్నై. 2008లో ఏ.ఆర్. రెహమాన్ పెట్టిన కె.ఎం. కన్జర్వేటరీలో పాశ్చాత్య గాత్రం నేర్పుతారు. స్టాఫ్ నొటేషన్ చదవడం, కొద్దిగా పియానో, ట్రినిటీ లేదా ఏబీఆర్‌ఎస్‌ఎమ్ గ్రేడు పరీక్షలు, ఇటాలియన్ లేదా జర్మన్ భాష అప్పుడే మొదలుపెట్టాలి. తెలుగు మాటలు అచ్చుల మీద ఆగుతాయి కనుక ఇటాలియన్ మన నాలుకకి సులువుగానే పడుతుంది, జర్మన్‌కే శ్రమ. పై చదువుకి బ్రిటన్, అమెరికా ఫీజులు మధ్యతరగతికి అందేవి కావు. జర్మనీలో ప్రభుత్వ సంగీత విశ్వవిద్యాలయాలు చాలా చోట్ల ఫీజు తీసుకోవు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచి ఐరోపా సమాఖ్య బయటివాళ్ల దగ్గర సెమిస్టరుకి 1,500 యూరోలు తీసుకుంటోంది. ప్రవేశ పరీక్షలో పాటతో పాటు పియానో, స్వరజ్ఞానం, సిద్ధాంతం చూస్తారు. ఆ దేశంలో ప్రజాధనంతో నడిచే ఒపెరా సంస్థలు 80 దాకా ఉన్నాయి. అవి పెద్ద పాత్రలకే కాదు, కోరస్‌కి కూడా నెలజీతం మీద గాయకులను పెట్టుకుంటాయి. తారగా వెలగకపోయినా కోరస్‌లో పాడుతూ సంసారం నడుపుకునేవాళ్లు అక్కడ చాలామంది. మన తల్లిదండ్రులకి ఈ సంగతి తెలియాలి, ఎందుకంటే వాళ్ల భయమంతా పైకి రాకపోతే ఎలా అన్నదే. మన దేశంలో మాత్రం ఏడాదంతా జీతమిచ్చే ఒపెరా సంస్థ లేదు. చదువుకుని తిరిగొస్తే పాఠాలు చెప్పుకోవాల్సిందే.

ఏ దారి పట్టినా గొంతు శాస్త్రం ఒకటే. స్వీడన్ పరిశోధకుడు యోహాన్ సుండ్‌బెర్గ్ 1970లలో చూపించింది ఏమిటంటే, వాద్యబృందం మోత 500 హెర్ట్జ్ దగ్గర ఎక్కువ, శిక్షణ పొందిన ఒపెరా గొంతులో, ముఖ్యంగా మగ గొంతుల్లో, 3,000 హెర్ట్జ్ దగ్గర ప్రత్యేకమైన బలం పుడుతుంది. వాద్యాలు బలహీనపడే చోట గొంతు దూసుకుపోతుంది. అరవడంతో అది రాదు. స్వరపేటికను వదులుగా కిందికి ఉంచి, గొంతు లోపలి ఖాళీని సరిచేసుకుంటే వస్తుంది. మన నాటకాల్లో కంచుకంఠం అని పేరు తెచ్చుకున్నవాళ్లు చెవితోనే దీన్ని పట్టుకుని ఉంటారని నా ఊహ. పట్టుకోలేనివాళ్లు గొంతు బిగించి పాడి, స్వరతంత్రుల మీద కాయలు కట్టించుకుని, నలభై ఏళ్లకే పద్యం మానేశారు. మిరియాల కషాయం, కలకండ ఉపశమనం ఇస్తాయి, కాయని కరిగించవు. మూడు వారాలకి మించి బొంగురు పోకపోతే చెవి-ముక్కు-గొంతు డాక్టరు దగ్గర స్వరపేటిక పరీక్ష చేయించుకోవాలి.

కపిలేశ్వరపురం బడికీ, సంగీత కళాశాలలకీ నేను అడిగేది అందుకే చాలా చిన్నది. వారానికి ఒక గంట గొంతు నిర్మాణం, ఊపిరి, గొంతు రక్షణ మీద పాఠం పెట్టండి. ఏడాదికి ఒకసారి డాక్టరును పిలిచి ప్రతి విద్యార్థి స్వరపేటికనూ చూపించండి. మైకు తీసేసి హాలు చివరికి వినిపించేలా ఒక కథ చెప్పించండి. ఇప్పుడు మిగిలి ఉన్న పెద్ద హార్మోనిస్టులను కూర్చోబెట్టి, పద్యం కట్టు ఎలా నేర్పుతారో, ఏ చోట ఊపిరి తీసుకోమంటారో వీడియో తీయించండి. వాళ్లలో చాలామంది డెబ్బై దాటినవాళ్లు.